పేతురు కొట్టిన నంబరు

(పన్నెండవ భాగం)

పోయిన వారం మనం స్తుతిని కరీంనగర్ పొలిమేరలో విడిచిపెట్టాం. ఎర్రటి రెండు సీట్ల ఆల్ఫా రోమియో స్టీరింగు ఆమె చేతిలో ఉంది. పక్కసీట్లో తండ్రి పేతురు, ఆయన ఒళ్లో బండి పత్రాల సంచి. అరవై ఏళ్లు దాటిన ఈ ఇటలీ కారు బెల్లంపల్లిలో ఒక బొగ్గుబాయి ఫిట్టరు ఇంటికి ఎలా వచ్చిందో, ఈ వారమే చదవడం మొదలుపెట్టినవారి కోసం రెండు ముక్కల్లో చెప్పుకుందాం. గోదావరి ఒడ్డున ఫ్యాక్టరీ కట్టడానికి వచ్చిన బెర్తోలీ అనే ఇంజనీరు, 1979లో తన దేశానికి తిరిగి వెళ్తూ, ఆ బండికి వైద్యుడిగా మెలిగిన ఇరవై ఆరేళ్ల ఫిట్టరుకు దాన్ని రాసిచ్చి వెళ్లాడు. అప్పటినుంచి పేతురు దాన్ని నడిపాడు. మోకాళ్లు మొరాయించాక కూతురు నడుపుతోంది. ఆమె బెల్లంపల్లిలోనే జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది.

బండి నమోదు గడువు ఈ నెలాఖరుతో తీరిపోతుంది. పురాతన వాహనంగా మళ్లీ నమోదు కావాలంటే పాత కార్ల సంఘం పరీక్షించి, ఇది అసలైన బండేనని రాసివ్వాలి. రాసివ్వకపోతే బండి తుక్కుకు పోవలసిందే. మూడో దారి లేదు. ఆ ఉదయం స్తుతి తల్లి రిబ్కమ్మ బానెట్ మీద చెయ్యి ఉంచి, కళ్లు మూసుకొని, మనుషులకు చేసినట్టే బండికీ ప్రార్థన చేసి పంపింది.

పరీక్ష జరిగేది సంఘం అధ్యక్షుడు సుధాకర్ గ్రానైట్ యార్డులో. గేటు దగ్గర కాపలా మనిషి అలవాటు కొద్దీ కుడివైపుకు వచ్చాడు.

"బండి గా రాళ్ల పక్కకు తియ్యి తాతా."

పేతురు ఖాళీ చేతులు రెండూ ఎత్తి చూపించాడు. "నాకు స్టీరింగే లేదు కొడుకా. గామెనడుగు."

కాపలా మనిషి స్టీరింగు ఉన్న ఎడమవైపు చూశాడు. కొంగు నడుముకు దోపుకొని కూర్చున్న స్తుతి కనిపించింది. నమ్మకం కుదరక మళ్లీ పేతురునే చూశాడు. "డ్రైవింగు ఆమెదా? మరి నువ్వెందుకు కూసున్నవ్?"

"బరువుకు" అన్నాడు పేతురు.

యార్డు నిండా నునుపుదేలిన నల్లరాతి పలకలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. బండి వాటి మధ్యనుంచి కదులుతుంటే ఒక్కొక్క పలకలో ఒక్కొక్క ఎర్రకారు పుట్టి, జారి, మాయమైంది. అతిథులు వస్తారని రాళ్లు కోసే రంపాలను ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో ఇంజను చప్పుడు తనకే కొంచెం ఎక్కువగా వినిపించి, స్తుతి యాక్సిలరేటరు మీద కాలు తేలిక చేసింది. రేకుల నీడ కింద అప్పటికే నాలుగు బండ్లు ఉన్నాయి. అన్నిటికంటే ముందు సుధాకర్ తెల్ల ఇంపాలా. దాని ముందు ఎర్ర తివాచీ కూడా పరిచారు.

"రండ్రి మేడం, రండ్రి!" సుధాకర్ ఎదురొచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. చేతికి బంగారు గొలుసు, కళ్లకు నల్లద్దాలు. "ఏం పేతురూ, ఇంక గట్టిగనే ఉన్నవే!"

తండ్రి కంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు. ఆ పిలుపు స్తుతికి గుచ్చుకుంది. ఏదో అనాలని నోటిదాకా వచ్చింది, అనలేదు. కాగితం అతని చేతిలో ఉంది. కాగితం అవసరమైన మనిషిలో ఆత్మగౌరవం కాస్త ఆలస్యంగా నిద్రలేస్తుంది. ఆ ఆలస్యానికే మర్యాద అని పేరు పెట్టుకుంటాం. ఆమె నవ్వి నమస్కారం చేసింది. ఆ నవ్వు తన ముఖం మీద ఉన్నంతసేపూ ఆమెకు దాని బరువు తెలుస్తూనే ఉంది.

పరీక్షించే మనిషి పరశురాములు. ముప్పై ఏళ్లు బండ్లు తనిఖీ చేసి రిటైరైన ఇన్‌స్పెక్టరు. ఆయన మాటలు తక్కువ. చేతిలో టార్చిలైటు, జేబులో సన్నటి తెల్లకాగితం, పెన్సిలు. సుధాకర్ చాయ్ తెప్పిస్తానంటే పని అయ్యాక అన్నాడు. ఆ ఒక్క మాటకే స్తుతికి ఆయన మీద గౌరవం కలిగింది.

"అమ్మా, జర బానెట్ లేపు."

ఆమె లేపింది. రెండు కార్బ్యురేటర్లు, నునుపైన అల్యూమినియం మూత, ఎక్కడా నూనె చుక్క లేదు. పరశురాములు ఒక నిమిషం ఊరికే చూశాడు. ఇన్‌స్పెక్టరు చూపు కాదది. గుడిలోనో చర్చిలోనో మనుషులు చూసే చూపు. తర్వాత టార్చి వెలిగించి ఇంజను మీది నంబరు చదివాడు, పత్రంతో పోల్చాడు, టిక్కు పెట్టాడు.

"ఇంజను సరిపోయింది. ఛాసిస్ నంబరు యాడున్నది?"

"ఇంజను ఎనుక అడ్డురేకు మీద సార్" అన్నాడు పేతురు. గేటు దాటాక ఆయన పలికిన తొలి మాట అది.

పరశురాములు వంగి, రేకు మీద కాగితం అదిమిపట్టి, పెన్సిలుతో రుద్దాడు. బండి నంబరు అచ్చు తీసే పాత పద్ధతి అది. కంటిని మోసం చేయవచ్చు, రంగు పూయవచ్చు, పెన్సిలును మోసం చేయడం కష్టం. బూడిదరంగు మరకలోంచి అంకెలు ఒక్కొక్కటే తెల్లగా తేలాయి.

"ఆరు. ఒకటి. నాలుగు."

"తర్వాత?" అన్నాడు సుధాకర్.

పరశురాములు ఇంకా రుద్దాడు. కాగితం అంచుదాకా రుద్దాడు. "తర్వాత ఏం లేదు."

నల్లద్దాలు నుదుటి మీదికి ఎక్కాయి. "మూడంకెలకు బండి పుడ్తదానే పరశురాములన్నా? గిది బండి నంబరా, బడిపిల్లగాని హాజరు నంబరా?"

చుట్టూ నిలబడ్డ సంఘం సభ్యులు నవ్వారు. స్తుతి వాళ్లలో ఎవరినీ చూడలేదు. తండ్రినే చూసింది. ఆయన బండి ముందు రెక్క మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు, కొత్తమనిషి దగ్గరికొస్తే గొడ్డు బెదరకుండా యజమాని మెడమీద చెయ్యి వేసినట్టు.

"పేతురూ, పత్రంల ఎన్నంకెలు ఉన్నయో తెల్సా? యాడున్నయ్ గవన్ని? నువ్వు గీకినవా, ఇంకెవలన్న గీకిండ్రా?"

"గీకలే సార్" అన్నాడు పేతురు.

"గీకకుంటె యాడికి వోయినయ్? గాలికి ఎగిరిపోయినయా? నేను ముందుగాల్నే అనుకున్న. ఇటలీ దొర ఇటలీ బండిని తీస్కవోయి బొగ్గుబాయి ఫిట్టరుకు ఇచ్చిండట! ఇచ్చేటోనికి ఇంకెవ్వలు దొరకలేదా?"

ఆ ఆలస్యంగా నిద్రలేచేదేదో స్తుతిలో అప్పుడు నిద్రలేచింది.

"సుధాకర్ సార్, ఆగుండ్రి" అంది. గొంతు పెంచలేదు. తరగతిలో వెనకబెంచీ అల్లరి చేస్తున్నప్పుడు పాఠం ఆపి నిలబడే గొంతు అది. "మా బాపు వయసు డెబ్బై రెండు. మీరు ఏకవచనం వాడుతున్నరు, వాడుకోండ్రి, ఊకున్న. కని దొంగ అంటె ఊకోను. గా నంబరు ఏందో అడిగిండ్రా మీరు? అడగకముందే నవ్విండ్రు."

"అరె, అడుగుతనే ఉన్న గద మేడం."

"ఎవలన్న మీ తోటి పెద్దమనిషి బండికి గిట్ల ఉంటె మీరు అడిగే పద్ధతి గిదేనా? కూసోవెట్టి, చాయ్ ఇచ్చి, 'గిదేందన్నా గిట్లున్నది' అని అడుగుదురు. మా బాపు చేతులకు గ్రీజు మరకలున్నయని గిట్ల అడిగిండ్రు. బాపు, చెప్పు. గాళ్లకు చెప్పు."

పేతురు, చెప్పవలసిన మనిషి ఎవరో తేల్చుకుంటున్నట్టు ఒక్కొక్కరి ముఖమూ చూసి, చివరికి పరశురాములు వైపు తిరిగాడు.

"సార్, మా వర్క్‌షాపుల ఒక కాయిదా ఉండె. మనుషులను బాయిలకు దించే కేజీ ఉంటది గద, లిఫ్టు లెక్క. దానికి ఎవలు వెల్డింగు వెట్టినా, వెట్టిన తాన తన టోకెన్ నంబరు అంకెల పంచీతోని కొట్టాలె. రేపు అది తెగితే ఎవన్ని అడగాలె? గా నంబరోన్ని అడగాలె. దాంట్ల ముప్పై మంది దిగుతరు. ఊకె చేసి పోతా అంటె నడవదు. నాది ఆరువందల పద్నాలుగు. ముప్పై నాలుగేండ్లు గదే చేసిన. ఇంట్ల కుర్చీ కాలు అతికినా కొట్టిన. మా రిబ్కమ్మ రొట్టెల పెంకకు కాడ వెట్టినా కొట్టిన."

పరశురాములు పెదవుల మీద నవ్వులాంటిది కదిలింది. "పెంక మీద గూడనా?"

"రొట్టె మాడితే నన్నే తిడ్తది సార్, వెల్డింగు ఊడినా నన్నే తిడ్తది. నంబరు ఉన్నా లేకున్నా ఒక్కటే. అయినా కొట్టిన."

"మరి బండికి?"

"ఎనభై ఏడుల బ్యాటరీ యాసిడ్ కారి గా రేకు చెడిపోయింది. కోసిన. కొత్త రేకు అతికిన. నా నంబరు కొట్టిన."

"తుప్పు నంబరును తినేసింది సార్" అని స్తుతి అందుకుంది. "ఆయన దాచాలనుకుంటె దొంగ నంబరు మొత్తం అచ్చు కొడ్తుండె. చేతుల పంచీలున్నయ్, పత్రంల నంబరు ఉన్నది. కొట్టలే. ఎవలన్న దొంగ తన ఇంటి నంబరు రాసిపెట్టి పోతడా?"

పరశురాములు ఆమె మాటను తల ఊపి అంగీకరించాడు. కానీ పేతురునే అడిగాడు. "పాత నంబరు మల్ల ఎందుకు కొట్టలే?"

"అది నాది గాదు సార్. నేను చెయ్యనిదానికి నంబరు ఎట్ల కొడ్త?"

"ఆఫీసుల చెప్పి కొట్టియ్యాలె గద."

పేతురు తలవంచుకున్నాడు. స్తుతికి ఆ వంచిన తల ఒక పేదవాడి అమాయకత్వంలా కనిపించింది. ఆమె గుండె మండింది. చట్టం తెలిసినవాళ్లు ఎన్ని సంతకాల చాటున ఎన్ని మార్చలేదు! చట్టం తెలియని ఒక మనిషి, తన పనికి తానే సాక్షిగా నిలబడటం నేర్చుకున్న మనిషి, ఆ నేర్చుకున్నదాని వల్లే ఈ రోజు దొంగలా తలవంచుకున్నాడు. పని చేసినవాడు పేరు రాసుకుంటే నేరం. ఏ పనీ చెయ్యకుండా బండి ముందు తివాచీ పరిచినవాడు అధ్యక్షుడు.

"నీతులు మంచిగనే ఉన్నయ్" అన్నాడు సుధాకర్. "కని గిది చర్చి గాదు మేడం, సంఘం. మాకు అసలుది గావాలె."

"అసలుదా?" స్తుతి ఇంపాలా వైపు నడిచింది. ఆమె ఏం చేయబోతోందో ఎవరికీ అర్థం కాలేదు. దాని బానెట్ మీద వేలితో రెండుసార్లు కొట్టింది. "గీ బండిల ఇంజను ఎక్కడిది సార్?"

సుధాకర్ గబగబా తన బండి దగ్గరికి వచ్చాడు.

"జపాన్ డీజిల్ ఇంజను గద? పోయిన ఏడాది మీరే మీటింగుల గొప్పగ చెప్పిండ్రు. గేరుబాక్సు దాంతోనే వచ్చింది. ఏసీ కొత్తది. సీట్లు హైదరాబాద్‌ల కుట్టిచ్చిండ్రు. తలుపులు రెండు రేకు కొట్టి చేయించిండ్రు. ఇంక మిగిలిందేంది? నంబరు. మీ బండిల నంబరొక్కటే అసలుది. దానికి సంఘం కాగితం ఇచ్చింది. మా బండిల నంబరొక్కటే లేదు, తక్కినయన్ని పుట్టినకాడికెంచి అవే. గియ్యాల దానికి తుక్కు. గిదేం లెక్క సార్? నేను పిల్లలకు ఫిజిక్స్ చెప్త, నాకైతే గీ లెక్క రాలే."

సభ్యుల్లో ఒకాయన దగ్గినట్టు నటించి నవ్వును మింగాడు. సుధాకర్ ముఖం ఎర్రబడింది. నల్లద్దాలు కిందికి దిగాయి.

"మేడం, నోరు జర దగ్గరవెట్టుకో. నేను పోలీసులకు ఒక్క ముక్క రాస్తే చాలు. నంబరు చెరిపిన బండి అని. మీ బాపు ఫిట్టరు కథలు గాళ్లకు చెప్పుకోవచ్చు."

"రాయుండ్రి. కింద మీ నంబరు కొట్టి రాయుండ్రి. తప్పయితే ఎవల్ని అడగాలెనో మాకు తెల్వాలె గద."

ఈసారి దగ్గు నటించవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. బాహాటంగానే నవ్వారు. ఆ నవ్వు తన వైపున ఉందని స్తుతికి తెలిసింది. ఒంట్లో ఒక వెచ్చదనం పాకింది. ఆ వెచ్చదనాన్ని ఆమె తండ్రి మీది ప్రేమ అనుకుంది.

పరశురాములు పెన్సిలును జేబులో పెట్టుకున్నాడు. "బిడ్డా, నువ్వు చెప్పేదాంట్ల న్యాయం ఉన్నది. మీ బాపు చెప్పేది గూడ నమ్మబుద్ధయితున్నది. కని నా సంతకం నమ్మకానికి గాదు, లోహానికి. పేతురన్నా" అన్నాడు. ఆ 'అన్నా' యార్డులో అందరికీ వినిపించింది. "కోసిన ముక్క ఏం జేసినవ్?"

పేతురు బదులు చెప్పేలోగా స్తుతి చెప్పింది.

"ఉంటది సార్. వర్క్‌షాపు కాయిదాల అది గూడ ఉన్నది. కోసి తీసిన ముక్కను తీగకు కట్టి మేకుకు తగిలియ్యాలె, పారెయ్యద్దు. మా బాపు రేకుల కొట్టంల నలభై ఏండ్ల ముక్కలు ఉన్నయ్, ఒక్కొక్కదానికి చీటీ ఉన్నది. తుప్పు తిన్నా రెండంకెలన్న కనబడ్తయి. రెండంకెలు కలిస్తే చాలు గద మీకు?"

"చాలు. పత్రంతోని కలిస్తే సంతకం వెడ్త. ఎవ్వలాపినా వెడ్త."

"స్తుతీ" అన్నాడు పేతురు.

ఆయన ఆమెను ఎప్పుడూ బిడ్డా అనే పిలుస్తాడు. పేరు పెట్టి పిలిచిన సందర్భాలు ఆమెకు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే గుర్తు. కానీ ఆ క్షణాన ఆమె ఎవరినీ వినే స్థితిలో లేదు.

"సోమవారం పొద్దుగాల పదింటికి ముక్క తెస్త" అంది, యార్డంతా వినేలా. "తేకపోతే బండి తాళం నేనే తెచ్చి గీ బల్ల మీద వెడ్త. మీరే తుక్కుకు పంపుండ్రి. మీరు చూస్తుంటె నేనే పంపుత. కని తెచ్చి చూపిస్తే, సుధాకర్ సార్ మా బాపుకు అందరి ముంగట మాఫీ అడగాలె. మీరు అని పిలిచి అడగాలె."

సుధాకర్ చేతులు కట్టుకున్నాడు. "ఒప్పుకున్న."

బేరం అంత తేలికగా కుదరడం స్తుతికి తన బలానికి నిదర్శనంగా అనిపించింది.

*

తిరుగుప్రయాణం మధ్యాహ్నం మొదలైంది. పైకప్పు మడిచేసి ఉంది. ఊరు దాటాక ఆమె మూడో గేరులోంచి నాలుగుకు, నాలుగులోంచి ఐదుకు మారింది. ఇంజను గొంతు ఒక మెట్టు దిగి, కుదురుకొని, పాడటం మొదలుపెట్టింది. ఈ బండిని నడపడం అంటే ఆజ్ఞాపించడం కాదని తండ్రి ఆమెకు పద్దెనిమిదో ఏట నేర్పాడు. "అది చెప్తది, నువ్వు ఇను" అనేవాడు. రెండో గేరుకు దిగేటప్పుడు క్లచ్చి రెండుసార్లు తొక్కాలి, నడుమ ఒక్క ఊపిరి ఆగాలి. ఆగకపోతే పళ్లు కొరుకుతుంది. అరవై ఏళ్ల యంత్రానికి ఆ మాత్రం అభిమానం ఉండటం న్యాయమే.

సుల్తానాబాద్ దగ్గర రోడ్డు సగం వడ్లు ఆరబోసి ఉన్నాయి. కుప్పల చుట్టూ రాళ్లు పేర్చారు. ఆమె వేగం తగ్గించి, గింజ మీద చక్రం పడకుండా అంచున పోనిచ్చింది. వడ్లు తిరగేస్తున్న ఆడవాళ్లు పారలు ఆపి చూశారు. ఒకామె, "ఓ అక్కా, గా బండికి టాపు కొనలేదా?" అని అరిచింది. "ఎండకు పెట్టినమే, ఆరినంక తీస్తం!" అని స్తుతి తిరిగి అరిచింది. వాళ్ల నవ్వు వెనక్కి జారిపోయింది.

ఇంకో రోజైతే పేతురు కూడా నవ్వేవాడు.

"ఏంది బాపు, మాట్లాడవు? గెలిచినం గద."

"మంచిగ మాట్లాడినవ్ బిడ్డా."

"గాళ్ల ముఖాలు చూసినవా? నంబరు కొట్టి రాయుండ్రి అన్నప్పుడు?"

"చూసిన."

పెద్దపల్లి దాటింది. గాలి చెవుల్లో హోరెత్తుతోంది. స్తుతి తన మాటలను మళ్లీ ఒకసారి లోలోపల చెప్పుకుంది. ఇంకోసారి చెప్పుకుంది. మూడోసారి చెప్పుకుంటున్నప్పుడు, తనను తాను పట్టుకుంది. ఇంత రుచి దేనికి? అవమానం జరిగింది తండ్రికి. ఆయన ముఖంలో విజయం లేదు. మరి ఈ విజయం ఎవరిది? కోపం న్యాయమైనదే అయినప్పుడు మనిషి దాన్ని తరచి చూడడు. న్యాయమైన కోపం చేతికి దొరకడం అరుదు, దొరికినప్పుడు పండుగలా ఉంటుంది. ఆ పండుగలో తాను సోమవారానికి ఏం పణం పెట్టిందో ఆమెకు అప్పుడు గుర్తుకొచ్చింది. బండి తాళం. అది తనది కాదు. పెట్టే ముందు అడగలేదు.

ఫరవాలేదు, ముక్క ఉంది, అనుకుంది. తండ్రి కొట్టంలో లేని ముక్క లేదు.

గోదావరిఖని దాటాక, దూరంగా వంతెన కనిపించింది. పేతురు పత్రాల సంచిని ఒళ్లోంచి తీసి కాళ్ల దగ్గర పెట్టాడు.

"స్తుతీ, వంతెన ముంగట ఆపు."

ఒకే రోజు రెండోసారి పేరు. ఆమె అద్దంలో వెనకవచ్చే లారీని చూసి, దానికి దారి ఇచ్చి, బండిని మట్టి అంచుకు దించింది. ఇంజను ఆపగానే వేడెక్కిన లోహం టిక్కు టిక్కుమంది. కింద నది వెడల్పుగా, ఏ తొందరా లేకుండా ఉంది.

"ముక్క ఉన్నది" అన్నాడు పేతురు.

"నాకు తెల్సు బాపు. నువ్వు పారెయ్యవు."

"పారెయ్యలే. పారేస్తే మంచిగుండు. పారెయ్యబుద్ధి గాలే." ఆయన అరచేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "దాన్ని తేవద్దు."

"ఎందుకు?"

"దాని మీద ఉన్న నంబరు, మన బండి బుక్కుల ఉన్న నంబరు ఒక్కటి గాదు."

ఆమెకు మొదట అర్థం కాలేదు. తుప్పు వల్ల అంకెలు తప్పుగా కనిపిస్తున్నాయేమో అనుకుంది. పేతురు ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

"ఇంజను దొర బండిదే. గా ఇన్‌స్పెక్టరు సారు టిక్కు వెట్టింది నిజమే. ఒళ్లు మాత్రం వేరే బండిది. గిది రెండు బండ్లు బిడ్డా."

వంతెన మీదుగా బొగ్గు లారీ ఒకటి పోయింది. 'నంబరొక్కటే లేదు, తక్కినయన్ని పుట్టినకాడికెంచి అవే' అని యార్డులో తాను అరిచిన మాట స్తుతికి ఇప్పుడు మరొకరి గొంతులో వినిపించింది. పొద్దుటినుంచి సుధాకర్ వైపు తిరిగి ఉన్న కోపం, దారి మారిన నీరులా, పక్కసీటు వైపు తిరిగింది.

"నన్నెందుకు నిలవెట్టినవ్ గాళ్ల ముంగట?" అంది స్తుతి. "ఆరువందల పద్నాలుగు గురించి గంత చెప్తివి. గా నంబరోన్ని అడగాలె అంటివి. పరశురాములు సారు నిన్ను అన్నా అన్నడు బాపు. నీ ముఖం జూసి అన్నడు!"

"అన్నడు. గందుకే చెప్తున్న. ఆయనతోని అబద్ధం సంతకం వెట్టిచ్చుడు నాతోని గాదు."

"నాతోని అబద్ధం చెప్పిచ్చుడు అయితదా నీతోని?"

ఆ ప్రశ్నకు పేతురు జవాబు కానిదాన్ని జవాబులా చెప్పాడు.

"నేను టోకెన్ కొట్టింది అబద్ధం గాదు బిడ్డా. ఎవలన్న ఒకరోజు వచ్చి అడుగుతరు, అడిగితే నన్నే అడగాలె, నేనే చెప్పాలె అని కొట్టిన. ముప్పై ఎనిమిదేండ్లు ఎదురు చూసిన. ఎవ్వలు అడగలే."

"ఎవలది గా రెండో బండి?"

ఆయన నది వైపు చూశాడు.

స్తుతి స్టీరింగును రెండు చేతులతో పట్టుకుంది, బండి కదలకపోయినా. "యాసిడ్ కారింది అంటివి. రేకు చెడిపోయింది, కోసిన అంటివి. అందరి ముంగట అంటివి బాపు. తుప్పు పట్టిందన్నది గూడ అబద్ధమేనా?"

"తుప్పు పట్టింది నిజమే బిడ్డా" అన్నాడు పేతురు. "నంబరు దాక రాలే."